అద్దె ఇల్లు ల్యాండ్ ట్రస్ట్‌లో పెట్టాలా? ఇల్లినాయ్‌లో ఇల్లున్న తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్లింటికి పాట్‌లక్‌కి వెళ్లినా, భోజనాలయ్యాక మాట రెండో ఇంటి మీదికి మళ్లుతుంది. మొదట కొన్న టౌన్‌హోమ్‌ని అమ్మకుండా అద్దెకిచ్చి పెద్దింట్లోకి మారినవాళ్లు మనలో చాలామంది. ఆ మాటల్లో ఎవరో ఒకరు "వదినా, మీది ల్యాండ్ ట్రస్ట్‌లో పెట్టారటగా" అని కదుపుతారు. అవును, అరోరాలో ఉన్న మా అద్దె ఇల్లు 2019 నుంచి ట్రస్ట్‌లోనే ఉంది. నేను లాయర్ని కాదు. ఇంటి లెక్కలు చూసుకునే మనిషిని. పదేపదే అడిగే ప్రశ్నలకి నేను చెప్పే జవాబులు ఇవి. మీ డీడ్ మీద సంతకం పెట్టే ముందు మాత్రం ఇల్లినాయ్ లాయర్‌కి ఒకసారి చూపించండి.

అసలు ల్యాండ్ ట్రస్ట్ అంటే ఏమిటి? లివింగ్ ట్రస్ట్ లాంటిదేనా?

రెండూ ట్రస్టులే, కానీ వాటి పని వేరు. లివింగ్ ట్రస్ట్ పెద్ద బీరువా లాంటిది. ఇల్లు, బ్యాంకు ఖాతాలు, షేర్లు అన్నీ అందులో పెట్టుకోవచ్చు, ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలో రాసుకోవచ్చు. ల్యాండ్ ట్రస్ట్‌లో భూమి, ఇల్లు తప్ప ఇంకేమీ పెట్టరు.

ఇది చికాగోలో పుట్టిన పద్ధతి, అందుకే దీన్ని ఇల్లినాయ్ ల్యాండ్ ట్రస్ట్ అనే పిలుస్తారు. కౌంటీ రికార్డుల్లో యజమానిగా ట్రస్టీ, అంటే మీ తరఫున ఆ పేరు మోసే మనిషి లేదా కంపెనీ, ఉంటాడు. "ఫలానా కంపెనీ, ఫలానా తేదీ నాటి ట్రస్ట్ అగ్రిమెంట్ కింద ట్రస్టీగా, ట్రస్ట్ నంబర్ ఇంత" అని డీడ్ మీద పడుతుంది. మీ పేరు అందులో ఉండదు. మీ పేరు విడిగా ఉండే అగ్రిమెంట్‌లో ఉంటుంది, దాన్ని రికార్డ్ చేయరు. అందులో మీరు బెనిఫిషియరీ, అంటే ఇంటి ఫలం అందుకునే మనిషి. అద్దె వసూలు, రిపేర్లు, అద్దెవాళ్లని పెట్టుకోవడం, తీసేయడం, అమ్మాలా వద్దా అన్న నిర్ణయం అన్నీ మీవే. ట్రస్టీ తనంతట తాను ఏమీ చేయడు. మీరు కాగితం మీద రాసిచ్చి చేయమంటేనే సంతకం పెడతాడు.

చట్టం దృష్టిలో ఒక విచిత్రం ఉంది. ఇల్లు స్థిరాస్తి, కానీ ట్రస్ట్‌లో మీకున్న హక్కు చరాస్తి. వినడానికి మాటల గారడీలా ఉంటుంది గానీ, ఈ పద్ధతిలో ఉన్న లాభాల్లో సగం దీన్నుంచే వస్తాయి.

వేరే వాళ్ల పేరు మీద పెట్టడమంటే బినామీ కదా?

మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కాదు. బినామీలో అసలు యజమాని ఎవరో ప్రభుత్వానికి, టాక్స్ శాఖకి తెలియకుండా దాస్తారు. ఇక్కడ అద్దె ఆదాయం మీ పేరు మీదే, మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ కిందే అమెరికా టాక్స్ శాఖ ఐఆర్ఎస్‌కి చెబుతారు. కోర్టు అడిగితే ట్రస్టీ మీ పేరు చెప్పాల్సిందే. బిల్డింగ్ కోడ్ ఉల్లంఘన జరిగిందని మునిసిపాలిటీ అడిగినా అంతే. అద్దె లైసెన్స్ తీసుకోమనే ఊళ్లలో ఆ ఫారంలోనే మీ వివరాలు రాస్తారు. మీ పేరు కొట్టి మీకెన్ని ఇళ్లున్నాయో కుతూహలంగా వెతికే పక్కింటాయనకి, మార్కెటింగ్ వాళ్లకి, సంతకం పెట్టే ముందు మీ ఆస్తి చిట్టా తీసే అద్దెవాళ్లకి మాత్రం మీరు కనపడరు. దాపరికం అంతవరకే.

మాకు దీనివల్ల నిజంగా ఏం ఒరుగుతుంది?

వారసత్వం సంగతికొస్తే, ప్రొబేట్, అంటే పోయినవాళ్ల ఆస్తిని కోర్టు ద్వారా పంచే తతంగం, తప్పుతుంది. మీ ఒక్కరి పేరు మీద ఇల్లు ఉండి మీరు పోతే, విల్లు ఉన్నా సరే, కేసు కౌంటీ కోర్టుకి వెళుతుంది. డుపేజ్ కౌంటీ అయితే వీటన్ వెళ్లాలి. పేపర్లో ప్రకటన వేయాలి, అప్పులవాళ్లకి ఆరు నెలల గడువు ఇవ్వాలి. ఈలోగా ఇల్లు అమ్మాలన్నా, లోన్ మార్చాలన్నా కోర్టు నియమించిన మనిషి చేతులమీదుగా జరగాలి. ఇండియాలో విల్లు ఉంటే చాలనుకునే అలవాటు మనది. ఇక్కడ విల్లు ప్రొబేట్‌ని తప్పించదు, ప్రొబేట్‌లో ఎవరికి ఏం రావాలో మాత్రం చెబుతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి కొన్న ఇళ్లకి ఇది ఇంకా బాగా పనికొస్తుంది. అన్నదమ్ములు చెరిసగం వేసుకుని డ్యూప్లెక్స్ కొన్నారనుకోండి. మామూలు డీడ్ మీద ఇద్దరి పేర్లూ ఉంటే, ఒకరికి అప్పులవాళ్ల తీర్పు వచ్చినా, విడాకుల కేసు నడిచినా, ఆ చిక్కు టైటిల్ (యాజమాన్య హక్కు) మీదికి వచ్చి రెండోవాడి అమ్మకం ఆగుతుంది. ట్రస్ట్‌లో ఉంటే ఒక్కొక్కరిదీ చరాస్తి వాటా. ఒకరి మీద వచ్చిన తీర్పు నేరుగా ఇంటి టైటిల్‌కి అంటుకోదు. అప్పిచ్చినవాడు కోర్టు ద్వారా ఆ వాటా మీద పడొచ్చు, అది వేరే సంగతి. అలాగే, అలిగినవాడు కోర్టుకెళ్లి ఇంటిని విభజించమని అడగడం కూడా కష్టం.

నేను పోతే ఇల్లు పిల్లలకి ఎలా చేరుతుంది?

ట్రస్ట్ అగ్రిమెంట్‌లోనే రాస్తారు. "మొదటి బెనిఫిషియరీ మరణిస్తే అతని వాటా భార్యకి, ఆమె కూడా లేకపోతే ఇద్దరు పిల్లలకి చెరిసగం" అన్నట్టు. బ్యాంకు ఖాతాకి నామినీ పెట్టినట్టే అనుకోండి. తేడా ఏమంటే ఇండియాలో నామినీ చాలా సందర్భాల్లో కేవలం అందుకునే మనిషి. ఇక్కడ వారసుడిగా పేరున్నవాడికి హక్కే వస్తుంది. డెత్ సర్టిఫికెట్ ట్రస్టీకి పంపితే చాలు, కోర్టు గడప తొక్కక్కర్లేదు.

మీకు ఇప్పటికే లివింగ్ ట్రస్ట్ ఉంటే, ల్యాండ్ ట్రస్ట్‌లోని మీ వాటాని దానికి అసైన్ చేసేయొచ్చు, అంటే రాసిచ్చేయొచ్చు. అప్పుడు ఎవరికి ఎంత అన్నది లివింగ్ ట్రస్ట్ చెబుతుంది. నాకు తెలిసిన లాయర్లు ఎక్కువగా సూచించేది ఇదే.

ఈ వారసుల గడి ఖాళీగా వదిలేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ట్రస్ట్ పెట్టారు, ఏటా ఫీజు కట్టారు, వారసుడి పేరు రాయలేదు. అలాంటప్పుడు ఆ వాటా మళ్లీ ప్రొబేట్‌కే పోతుంది. కొబ్బరికాయ కొని, గుడిదాకా వెళ్లి, కొట్టకుండా వచ్చినట్టు.

పిల్లలు ఇంకా చిన్నవాళ్లు. వాళ్ల పేర్లే రాయొచ్చా?

నేరుగా రాయకండి. మైనర్‌కి వాటా వస్తే కోర్టు ఒక గార్డియన్‌ని పెట్టాల్సి రావచ్చు, పైగా పద్దెనిమిది నిండగానే మొత్తం వాడి చేతికి వస్తుంది. కాలేజీలో మొదటి ఏడాది చదివే కుర్రాడికి రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు ఇవ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు. పిల్లల కోసం లివింగ్ ట్రస్ట్ రాసి, దాన్నే వారసురాలిగా పెట్టండి.

పవర్ ఆఫ్ డైరెక్షన్ అంటూ అగ్రిమెంట్‌లో ఒక పేరా ఉంది. అది అంత ముఖ్యమా?

నన్నడిగితే మొత్తం కాగితంలో అదే ముఖ్యం. ట్రస్టీకి "అమ్ము", "తాకట్టు పెట్టు", "సంతకం చెయ్యి" అని చెప్పే అధికారం ఎవరిదో ఆ పేరా నిర్ణయిస్తుంది. బెనిఫిషియరీ, అధికారం ఉన్న మనిషి ఒకరే కానక్కర్లేదు.

మా సంగతి చెబుతాను. 2019లో ఒక ఆదివారం మధ్యాహ్నం, డైనింగ్ టేబుల్ మీద అన్నం గిన్నెలు పక్కకి జరిపి, నేనూ మా ఆయనా ఆ అగ్రిమెంట్ చదివాం. ఇద్దరి పేర్లూ సరిగ్గా ఉన్నాయా, స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌లోలాగే ఉందా, ఇంటి పిన్ నంబర్ (కౌంటీ ఆ ఆస్తికిచ్చే నంబర్) సరిపోయిందా, ఇవే చూసుకున్నాం. మా పేర్ల మధ్య ఉన్న "అండ్" అన్న చిన్న మాట మీద కన్ను పడలేదు. "అండ్" అంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. "ఆర్" అంటే ఎవరు పెట్టినా చాలు.

రెండేళ్ల తర్వాత వడ్డీ రేట్లు బాగా తగ్గాయని రీఫైనాన్స్‌కి వెళ్లాం. రేట్ లాక్ చేయించాం. అదే వారం గుంటూరులో మా మామగారు పోయారు. మా ఆయన ఆ రాత్రికే బయల్దేరి వెళ్లారు. ఇక్కడ ట్రస్టీ కంపెనీవాళ్లు డైరెక్షన్ లెటర్ మీద ఇద్దరి ఒరిజినల్ సంతకాలూ కావాలన్నారు. దినవారాలు చేస్తున్న మనిషికి ఫోన్ చేసి, ప్రింట్ తీసి సంతకం పెట్టి కొరియర్ చేయమని అడగడానికి నాకు నోరు రాలేదు. లాక్ గడువు దాటిపోయింది. తర్వాత ఇంకో రేటుకి చేసుకున్నాం. నష్టం పెద్దదేమీ కాదు. ఆయన తిరిగొచ్చిన వారంలోనే సవరణ కాగితం రాయించి "అండ్"ని "ఆర్" చేయించాం.

అందరికీ "ఆర్" సరిపోతుందని కాదు. అన్నదమ్ములో స్నేహితులో కలిసి కొంటే, ఒక్కడే రాత్రికి రాత్రి అమ్మేయకుండా "అండ్" ఉండటమే మేలు. కానీ అప్పుడు ఇద్దరూ ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి. భార్యాభర్తలు "ఆర్" పెట్టుకుని, ఇద్దరికీ కుదరని రోజున ఎవరు చెప్పాలో మూడో పేరు కూడా రాసుకోవాలి. పోవడం ఒక్కటే కాదు. స్ట్రోక్ వచ్చి మంచాన పడినా, మతిమరుపు వచ్చినా ఈ అధికారం వాడలేం. ఆ రోజున మూడో పేరు లేకపోతే కోర్టుకెళ్లి గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలి. విడిగా ఒక ప్రాపర్టీ పవర్ ఆఫ్ అటార్నీ రాసుకుని, అందులో ల్యాండ్ ట్రస్ట్ అధికారాలు కూడా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇంటి మీద లోన్ ఉంది. ట్రస్ట్‌లో పెడితే బ్యాంకు మొత్తం ఒకేసారి కట్టమంటుందా?

మార్ట్‌గేజ్ కాగితాల్లో "యాజమాన్యం మారితే అప్పు మొత్తం వెంటనే కట్టాలి" అని ఒక షరతు ఉంటుంది. 1982లో వచ్చిన గార్న్ సెయింట్ జర్మేన్ చట్టం దీనికి కొన్ని మినహాయింపులు ఇచ్చింది. ఐదు కంటే తక్కువ యూనిట్లున్న ఇంటిని, అప్పు తీసుకున్నవాళ్లే బెనిఫిషియరీలుగా ఉండే ట్రస్ట్‌కి మార్చితే బ్యాంకు ఆ షరతు వాడకూడదు.

అద్దె ఇళ్ల విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. ఈ చట్టం కింద వచ్చిన ఫెడరల్ నిబంధన, అప్పు తీసుకున్నవాళ్లు ఆ ఇంట్లో ఉండాలన్నట్టు రాసుంది. చట్టంలో అలా లేదు. అందుకని లాయర్లలోనే రెండు మాటలు వినిపిస్తాయి. నెలనెలా ఈఎంఐ కడుతున్న లోన్‌ని బ్యాంకు వెనక్కి పిలవడం మామూలుగా ఎవరూ చూడరు గానీ, ఆ ధీమా మీద ఇంటి కాగితాలు మార్చకూడదు. లోన్ వాయిదాలు వసూలు చేసే సర్వీసర్‌కి రాసి, ఒప్పుకుంటున్నట్టు కాగితం తెచ్చుకోండి. మేం రాశాం. మూడు వారాల తర్వాత ఒక పేజీ ఉత్తరం వచ్చింది. అది ఇప్పటికీ ఫైల్లో పైనే ఉంది.

టాక్స్ ఏమైనా తగ్గుతుందా?

ఒక్క డాలరూ తగ్గదు, పెరగదు కూడా. ఐఆర్ఎస్ దృష్టిలో ఈ ట్రస్ట్ లేనట్టే లెక్క. అద్దె, ఖర్చులు ఎప్పట్లాగే మీ టాక్స్ రిటర్న్‌లోని షెడ్యూల్ ఇ మీద చూపిస్తారు. ఇంటి కట్టడం విలువని 27.5 ఏళ్లకి పంచి తరుగుదల తీసుకోవడం అలాగే సాగుతుంది. విడిగా టాక్స్ నంబర్ మామూలుగా అక్కర్లేదు. అద్దె ఇంటి నష్టాన్ని జీతంలోంచి 25 వేల డాలర్ల దాకా తగ్గించుకోవచ్చన్న నియమం కూడా మారదు. అయితే ఆదాయం లక్షన్నర డాలర్లు దాటితే అది ఎలాగూ సున్నా అవుతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మన ఇళ్లలో దాన్ని వాడుకునేవాళ్లు తక్కువే.

ప్రాపర్టీ టాక్స్ కూడా అంతే. బిల్లు ఎక్కడికి వస్తుందో మాత్రం చూసుకోండి. ట్రస్టీ అడ్రసుకి పోతే అక్కడినుంచి మీ దగ్గరికి రావడం ఆలస్యమై పెనాల్టీ పడుతుంది.

ఈ తలనొప్పంతా ఎందుకు, ఇప్పుడే పిల్లల పేరు మీద రాసేస్తే పోలా?

ఊళ్లో పొలం గిఫ్ట్ డీడ్ చేసిన అనుభవంతో చాలామంది నాన్నలు ఈ మాట అంటారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను.

రెండున్నర లక్షల డాలర్లకి కొన్న ఇల్లు. అందులో స్థలం 50 వేలు, కట్టడం 2 లక్షలు. పదకొండేళ్లు అద్దెకిచ్చారు, తరుగుదల కింద 80 వేలు తీసుకున్నారు. ఇప్పుడు పుస్తకాల్లో ఇంటి ఖరీదు 1 లక్ష 70 వేలు. మార్కెట్లో 4 లక్షలు పలుకుతోంది. బతికుండగా గిఫ్ట్ ఇస్తే పిల్లలకి ఆ 1 లక్ష 70 వేలే కొన్న ఖరీదుగా వస్తుంది. రేపు అమ్మితే 2 లక్షల 30 వేల లాభం మీద టాక్స్. అందులో తరుగుదల కింద తీసుకున్న 80 వేల మీద రేటు 25 శాతం దాకా ఉండొచ్చు. అదే మీ తదనంతరం వాళ్లకి వస్తే, మీరు పోయిన రోజు మార్కెట్ విలువ, అంటే 4 లక్షలు, కొన్న ఖరీదు అవుతుంది. వెంటనే అమ్మితే లాభం లేదు, టాక్స్ లేదు. ఆ 80 వేల మాట కూడా చెరిగిపోతుంది.

ల్యాండ్ ట్రస్ట్‌లో పెట్టినా ఈ సౌకర్యం పోదు, ఎందుకంటే చివరిదాకా ఆస్తి మీదే. గిఫ్ట్ ఇస్తే పోతుంది. మనవాళ్లు తెలియక చేసే ఖరీదైన తప్పు ఇదేనని నా అభిప్రాయం.

ఎస్టేట్ టాక్స్ సంగతేమిటి? అది కోటీశ్వరులకేగా?

పోయినవాళ్లు వదిలిన ఆస్తి మీద వేసే పన్ను ఇది. ఫెడరల్ టాక్స్ విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. 2026లో ఒక్కొక్కరికీ కోటిన్నర డాలర్ల దాకా మినహాయింపు ఉంది. కానీ ఇల్లినాయ్‌కి సొంత ఎస్టేట్ టాక్స్ ఉంది, దాని హద్దు 40 లక్షల డాలర్లు మాత్రమే. రెండు ఇళ్లు, రెండు 401కేలు (ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతాలు), కంపెనీ షేర్లు కలిపి, మీ పేరు మీదే ఉన్న టర్మ్ ఇన్సూరెన్స్ కూడా చేర్చి చూడండి. ఇన్సూరెన్స్ డబ్బు కూడా లెక్కలోకి వస్తుందని చెబితే చాలామంది ఉలిక్కిపడతారు. ఒకరు వాడుకోని మినహాయింపు భార్యకో భర్తకో బదిలీ అయ్యే వీలు ఫెడరల్‌లో ఉంది, ఇల్లినాయ్‌లో లేదు. ల్యాండ్ ట్రస్ట్ వీటిలో దేన్నీ తగ్గించదు. దానికి వేరే రకం ట్రస్టులున్నాయి.

మనవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. ఆస్తి అందుకునే భార్యగానీ భర్తగానీ అమెరికా పౌరులు కాకపోతే, గ్రీన్ కార్డ్ ఉన్నా సరే, భార్యాభర్తల మధ్య పరిమితి లేకుండా ఎస్టేట్ టాక్స్ మినహాయించే సూత్రం మామూలుగా వర్తించదు. దానికోసం క్యూడాట్ అనే ప్రత్యేక ట్రస్ట్ ఉంది. రెండోది, అమెరికా పౌరులూ కాక, ఇక్కడ శాశ్వత నివాసం ఉద్దేశమూ లేనివాళ్లకి, ఉదాహరణకి ఇండియాకి తిరిగెళ్లి స్థిరపడినవాళ్లకి, ఇక్కడి ఆస్తి మీద మినహాయింపు 60 వేల డాలర్లే. పైన 40 శాతం దాకా టాక్స్ పడొచ్చు. ఇండియాలో ఎస్టేట్ డ్యూటీ 1985లో ఎత్తేశారు, ఇండియా అమెరికాల మధ్య ఎస్టేట్ టాక్స్ ఒప్పందమూ లేదు. హెచ్1బీ మీదున్నవాళ్ల పరిస్థితి ఇంకా చిక్కు. వీసా ఒక్కటే చూడరు, ఎక్కడ స్థిరపడాలన్న ఉద్దేశం ఉందో కూడా చూస్తారు. ఆ మాట లాయర్‌ చేత రాయించుకోండి.

అద్దెవాళ్లు మెట్ల మీద జారిపడి కేసు వేస్తే ట్రస్ట్ కాపాడుతుందా?

కాపాడదు. మీ పేరు కనుక్కోవడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఇంటిని నడిపేది మీరు, బాధ్యతా మీదే. వీడియోల్లో "ల్యాండ్ ట్రస్ట్ పెడితే ఎవరూ మిమ్మల్ని తాకలేరు" అని ఊదరగొట్టేవాళ్లని నమ్మకండి. గొడుగు కావాలంటే మంచి ల్యాండ్‌లార్డ్ పాలసీ, దానిపైన అంబ్రెల్లా ఇన్సూరెన్స్ తీసుకోవాలి. శీతాకాలంలో గుమ్మం ముందు మంచు తీయించి ఉప్పు చల్లించడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

మరి ఎల్‌ఎల్‌సీ పెట్టి దాన్ని బెనిఫిషియరీ చేస్తే?

చేస్తారు. పేరు బయటపడకుండా ట్రస్ట్, బాధ్యత తగలకుండా ఎల్‌ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత కంపెనీ. కానీ అప్పుడు పైన చెప్పిన 1982 చట్టం మినహాయింపు మీకు దక్కదు, ఎందుకంటే బెనిఫిషియరీ మీరు కాదు, కంపెనీ. లోన్ లేని ఇంటికైతే ఆలోచించొచ్చు. ఒక్క టౌన్‌హోమ్‌కి ఏటా రెండు రకాల ఫీజులు, వేరే బ్యాంకు ఖాతా, వేరే లెక్కలు... మేమైతే వద్దనుకున్నాం.

ఇన్సూరెన్స్‌వాళ్లకి చెప్పాలా?

తప్పకుండా, అదే వారం చెప్పండి. మేం చెప్పలేదు. మర్చిపోయాం. ఆ జనవరిలో చలికి గోడలో పైపు గడ్డకట్టి పగిలింది. అద్దెకున్న అమ్మాయి ఫోన్ చేసేసరికి వంటగది నేల మీద చీలమండ లోతు నీళ్లు. క్లెయిమ్ వేస్తే, "రికార్డుల్లో యజమాని వేరే కంపెనీ అని చూపిస్తోంది, మీరెవరు?" అని మొదటి ప్రశ్న. ట్రస్ట్ అగ్రిమెంట్, డీడ్ నకలు, మూడేళ్ల టాక్స్ రిటర్నులు పంపించాక ఏడు వారాలకి డబ్బు వచ్చింది. ఈలోగా ఫ్లోర్ ఖర్చు మా చేతినుంచే. పాలసీ మీద ట్రస్టీ పేరు అడిషనల్ ఇన్సూర్డ్‌గా చేర్పించడానికి పట్టేది ఒక ఫోన్ కాల్.

టైటిల్ ఇన్సూరెన్స్ పాలసీ కూడా బయటికి తీసి చూడండి. ట్రస్ట్‌కి మార్చాక కూడా రక్షణ కొనసాగుతుందో లేదో మీ పాతదాని షరతుల మీద ఆధారపడి ఉంటుంది. అవసరమైతే టైటిల్ కంపెనీ ఎండార్స్‌మెంట్ ఇస్తుంది.

పని ఎలా జరుగుతుంది? ఎంత ఖర్చు?

ట్రస్టీ కంపెనీతో అగ్రిమెంట్ రాసుకుంటారు, లాయర్ డీడ్ ఇన్ ట్రస్ట్ తయారుచేస్తాడు, నోటరీ ముందు సంతకాలు, కౌంటీలో రికార్డింగ్. డబ్బు చేతులు మారదు కాబట్టి, వంద డాలర్ల లోపు ప్రతిఫలం అన్న మినహాయింపు కింద రాష్ట్రం ట్రాన్స్‌ఫర్ టాక్స్ పడదు, డీడ్ మీద ఆ మాట రాయాలి. కొన్ని ఊళ్లలో టాక్స్ లేకపోయినా "ఎగ్జెంప్ట్" స్టాంపు వేయించుకోవాలి, అది లేకుండా రికార్డర్ తీసుకోరు. అరోరాలో ఇల్లున్నవాళ్లు ఏ కౌంటీయో ముందు చూసుకోండి. ఆ ఊరు కేన్, డుపేజ్, విల్, కెండల్ నాలుగు కౌంటీల్లో పరుచుకుంది. జెనీవా వెళ్లాల్సినవాళ్లు వీటన్ వెళ్లి తిరిగొచ్చిన కథలున్నాయి.

లాయర్ ఫీజు, రికార్డింగ్ ఫీజు ఒకసారి. ట్రస్టీకి మొదట కొంత, తర్వాత ఏటా కొంత, సంతకం పెట్టించిన ప్రతిసారీ ఇంకొంత. అద్దె బాగా వచ్చే ఇంటికి బరువనిపించదు.

ట్రస్టీగా నేనే ఉండొచ్చా? లేదా స్నేహితుణ్ణి పెట్టొచ్చా?

మీరే ట్రస్టీ, మీరొక్కరే బెనిఫిషియరీ అయితే రెండు హక్కులూ ఒకచోట కలిసిపోయి ట్రస్ట్ నిలబడదన్న వాదన వస్తుంది. స్నేహితుడైతే, ఆయన ముందు పోతే టైటిల్ చిక్కుబడుతుంది. కంపెనీని పెట్టుకోండి.

ఇంతకంటే తేలిక దారి లేదా?

ఉంది. ప్రొబేట్ తప్పడం ఒక్కటే మీ ఉద్దేశమైతే, ఇల్లినాయ్‌లో ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ ఇన్‌స్ట్రుమెంట్ రాసి రికార్డ్ చేస్తే చాలు. బతికున్నంతకాలం ఇల్లు మీ పేరు మీదే, తర్వాత అందులో రాసినవాళ్లకి. ఏటా ఫీజు లేదు, లోన్ గొడవ లేదు. కానీ మీరు మంచాన పడితే అది పనికిరాదు, పేరూ దాచదు. భార్యాభర్తలిద్దరే ఉండి, పిల్లలు పెద్దవాళ్లై, ఒక్క ఇల్లే అద్దెకున్నవాళ్లకి నేను ముందు ఇదే చెబుతాను.

మేం టెక్సస్‌లో ఉన్నాం. అక్కడ కూడా చేయొచ్చా?

ల్యాండ్ ట్రస్ట్‌కి ప్రత్యేక చట్టం ఉన్న రాష్ట్రాలు కొన్నే. ఫ్లోరిడా, వర్జీనియా, ఇండియానా అందులో ఉన్నాయి. టెక్సస్ లేదు. ఫ్రిస్కో, అర్వింగ్ వైపున్న మన స్నేహితులు లివింగ్ ట్రస్టో, 2015 నుంచి అక్కడ అమల్లో ఉన్న ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడో వాడుకుంటున్నారు. ఏ రాష్ట్రంలో ఇల్లుంటే ఆ రాష్ట్రం చట్టమే చెల్లుతుంది, మీరుండే రాష్ట్రం కాదు.

మాకు కొండాపూర్‌లో ఫ్లాట్ కూడా అద్దెకుంది. దాన్నీ ఇందులో పెట్టొచ్చా?

కుదరదు. హైదరాబాద్ ఆస్తికి హైదరాబాద్ చట్టం. అక్కడ ఇలాంటి ఏర్పాటు లేదు, 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ కింద ప్రైవేట్ ట్రస్ట్ పెట్టొచ్చు గానీ ఫ్లాట్ దానికి రాయాలంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ లెక్క వేసుకోవాలి. చాలామందికి అక్కడ రిజిస్టర్ చేసిన వీలునామా సరిపోతుంది. ఇక్కడి విల్లులో "ఇండియా ఆస్తి దీనికి వర్తించదు" అని ఒక వాక్యం రాయించండి, లేకపోతే కొత్త విల్లు పాతదాన్ని రద్దు చేసిందన్న పేచీ వస్తుంది.

రిటైరయ్యాక ఇండియా వెళ్లిపోదామనుకుంటున్నాం. ఈ ఇల్లు అలాగే ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు. విదేశంలో ఉన్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవడానికి ఇండియా విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకుంటుంది. ఇండియాలో పూర్తి రెసిడెంట్ హోదా వచ్చాక ఈ అద్దెని అక్కడి రిటర్న్‌లో కూడా చూపించి, ఇక్కడ కట్టిన టాక్స్‌కి క్రెడిట్ తీసుకోవాలి. విదేశీ ఆస్తుల షెడ్యూల్లో ట్రస్ట్ వాటా రాయడం మర్చిపోకండి.

అమెరికా పౌరసత్వం ఉంటే ఇక్కడి టాక్స్ ఎప్పట్లాగే. గ్రీన్ కార్డ్ వదిలేసి వెళ్తే, అద్దె మొత్తం మీద 30 శాతం కోసేసే నియమం వర్తిస్తుంది. దాన్ని తప్పించి ఖర్చులు పోను మిగిలినదాని మీదే కట్టాలంటే వ్యాపార ఆదాయంగా ఎంచుకుని, మేనేజర్‌కి డబ్ల్యూ-8ఈసీఐ ఫారం ఇచ్చి, ఏటా 1040-ఎన్ఆర్ అనే టాక్స్ రిటర్న్ వేయాలి. అమ్మే రోజున కొనేవాళ్లు సాధారణంగా ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్ఎస్‌కి కడతారు, తర్వాత రిటర్న్ వేసి తేల్చుకోవాలి. పైన చెప్పిన 60 వేల డాలర్ల ఎస్టేట్ టాక్స్ హద్దు మీద పడేది కూడా ఇలా వెళ్లినవాళ్లకే.

ఇండియాలో ఉండి ట్రస్టీకి డైరెక్షన్ ఇవ్వాలంటే?

ట్రస్టీ కంపెనీని బట్టి ఉంటుంది. కొందరికి మామూలు సంతకం చాలు, కొందరు నోటరీ అడుగుతారు. నోటరీ కావాలంటే హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, లేదా అక్కడి నోటరీతో చేయించి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించాలి. వెళ్లేముందే మీ ట్రస్టీని అడిగి ఏది ఒప్పుకుంటారో మెయిల్లో రాయించుకోండి. ఇక్కడే ఉండే ఒకరి పేరు పవర్ ఆఫ్ డైరెక్షన్‌లో చేర్చి వెళితే ఇంకా మంచిది. మేం మా పెద్దమ్మాయి పేరు చేర్చాం. ఆ కాగితం నకలు దాని దగ్గరొకటి, గుంటూరులో మా అత్తగారి బీరువాలో ఒకటి ఉంది. ఆవిడ దాన్ని పొలం పాస్‌బుక్కుల కవర్లోనే పెట్టారు.